దిక్కులు పిక్కటిల్లిన మాట

పూర్వం ఏటి ఒడ్డున కుంభవరమనే రాజ్యాన్ని ప్రచండవర్మ ఏలేవాడు. తెల్లవారింది మొదలు ఆయన కొలువుకు వచ్చేదాకా సభామండపం ముంగిట నలభై భేరీలు మోగుతూనే ఉండాలి. "దిక్కులు పిక్కటిల్లాలి!" అన్నది రాజాజ్ఞ.

ఆ ఊరి మంత్రసాని పేరమ్మ. ఒకనాటి ఉదయం ఆమె చేతుల్లో పుట్టిన పసిగుడ్డు ఏడ్చిందో లేదో ఆ మోతలో తెలియలేదు. ఛాతీకి చెవి ఆనించినా గుండె చప్పుడు అందలేదు. అరచేత్తో తడిమి, ఊపిరి ఉందని తెలుసుకునేసరికి ఆమెకు ముచ్చెమటలు పట్టాయి. బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి, చేతులు కడుక్కుని, తిన్నగా కోటకు నడిచింది.

"మహారాజా, ఆ మోత మాన్పించండి. పసిబిడ్డల ప్రాణాలమీదికి వస్తోంది" అంది.

రాజు మీసం దువ్వాడు. "అది మా ఘనత. అసలు పిక్కటిల్లడమంటే ఏమిటో తెలుసా నీకు?"

"తెలీదు. చెప్పించండి."

ఆస్థాన పండితుడు గొంతు సవరించుకున్నాడు. "ఉప్పొంగి నిండిపోవడం. ఇంకో శబ్దానికి చోటు లేకుండా నిండితేనే దిక్కులు పిక్కటిల్లాయనాలి."

"అయితే ఆ మాట మీ భేరీలకు చెల్లదు మహారాజా. వాటిని మించింది నా మాట."

సభ గొల్లుమంది. రాజు కళ్లెర్రజేశాడు. "నిరూపించు! గెలిస్తే భేరీలు మాన్పిస్తాను. ఓడితే ఊరు విడిచిపోవాలి."

"సరే, మోగించమనండి."

భేరీలు మోగాయి. స్తంభాలు అదిరాయి. పేరమ్మ బెదరలేదు. రాజు కళ్లలోకి చూస్తూ మెల్లగా పెదవులు కదిపింది. రాజు ముందుకు వంగాడు. ఆమె పండితుడి వైపు చూసి, మళ్లీ రాజును చూసి, జాలిగా తలూపి, ఇంకేదో చెప్పింది. రాజు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నా లాభం లేకపోయింది. తన గురించే ఏదో అంటోంది! ఉండబట్టలేక లేచి నిలబడి, రెండు చేతులూ ఊపాడు.

"ఆపండి! ఆపండి!"

మోత ఆగింది.

"మీ నలభై భేరీలు నా నోరు మూయించలేకపోయాయి. నా మాట వాటి నోళ్లు మూయించింది" అంది పేరమ్మ. "ఇప్పుడీ సభలో నా గొంతు తప్ప వేరే శబ్దం లేదు. పండితులవారూ, మీరు చెప్పిన అర్థం దేనికి సరిపోయింది?"

పండితుడు తల వంచుకున్నాడు. "పేరమ్మ మాటకే, ప్రభూ."

"సరే, ఓడాను" అన్నాడు రాజు. "ఇంతకీ నన్నేమన్నావు?"

"ఏమీ అనలేదు మహారాజా. ఊరికే పెదవులు కదిపాను."

రాజు క్షణం తెల్లబోయి, ఆపైన పొట్ట పట్టుకుని నవ్వాడు. తన భుజం మీది పట్టుశాలువ తీసి స్వయంగా పేరమ్మకు కప్పాడు. మర్నాటి నుంచి ఆయన కొలువుకు వస్తుంటే చెప్పుల చప్పుడు ఒక్కటే వినబడేది.