నూకరత్నం నల్ల టార్చి

ఎలీశమ్మ గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని అంటగట్టేవారు. నలభై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. సముద్రం ఒడ్డు ఊళ్లలో ఆడవాళ్ల నోళ్లు పరీక్ష చేయడం మాకు నేర్పేవారు. ఆవిడ దగ్గర నేర్చుకున్న ఆరుగురిలో నేనొకర్తెను. అడక్కూడని వేళ అడిగి, ఎండలో పది ఇళ్లు తిరిగొచ్చిన రోజులు నాకూ ఉన్నాయి లెండి.

నోళ్లే ఎందుకంటారా? మా వైపు పెద్దవయసు ఆడవాళ్లు చుట్టను తిరగేసి కాలుస్తారు. నిప్పున్న కొస నోట్లోకి, మొండి కొస బయటికి. అడ్డపొగ అంటాం. సముద్రపు గాలికి ఆరదు, బూడిద చేపల మీద రాలదు, కోసుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కానీ ఆ వేడికి అంగిలి కాలీ కాలీ కొందరికి తెల్లమచ్చ కడుతుంది. అందులో కొన్ని మచ్చలు కేన్సరవుతాయి. తొందరగా కనిపెడితే మనిషి దక్కుతుంది.

నూకరత్నం మాలో అందరికంటే చురుకు. ముక్కుసూటి మనిషి కూడా. శిబిరంలో రెండు స్టూళ్లు వేస్తే నా ముందు బారు కట్టేవారు, తన ముందు ఈగలు ముసిరేవి. ఒకరోజు అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపేసి అడిగేసింది.

“అమ్మా, నేను చెప్పేది అబద్ధమా? ఉన్నది ఉన్నట్టు చెప్తున్నానని నా దగ్గరికి ఎవరూ రావట్లేదు. ఏం చెయ్యమంటారు, నిజాన్ని కాస్త తగ్గించి చెప్పమంటారా?”

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలేసింది. ఎలీశమ్మ గారు మాత్రం మజ్జిగ కలుపుకుంటూ, “మన టార్చీలు పాడయ్యాయి కదా. సంతలో మంచిది చూసి పట్టుకురా. రేపు రేవుపేటలో శిబిరం,” అన్నారు. అంతే!

కోపమొచ్చినా పనిలో లోటు చేసే రకం కాదు నూకరత్నం. ఒక్క పెన్సిల్ సెల్లుతో వెలిగే చిన్న టార్చీలు, చవకవే, మూడు తెచ్చింది. అంగన్‌వాడీ గది తలుపులు మూసి, తెల్ల గోడకి పదడుగుల దూరంలో నిలబడి, ఒకదాని తర్వాత ఒకటి వెలిగించింది. పక్షపాతం ఉండకూడదని ఒకే కొత్త సెల్లు తీసి మూడింట్లోనూ వేసింది. గోడ మీద వెలుగు పడినంత మేరా బొగ్గుతో గీత గీసింది. ఒకటి మీట నొక్కితే వణికిపోయింది, దాన్ని పక్కన పడేసింది. పసుపు ప్లాస్టిక్‌దానికి మసక అద్దం. వెలుగు గోడంతా పరుచుకుంది గానీ కేలెండర్లో అంకెలు కనబడలేదు. నల్ల ఇనప టార్చి మాత్రం, వేలంత లేదు, గోడ మీద రూపాయి బిళ్లంత చోట భగ్గుమంది. చీకటి పడ్డాక కిటికీలోంచి వేస్తే వీధి చివర నీళ్ల ట్యాంకు మీది రాత చదవొచ్చు.

“ఇదేనమ్మా!” అంది గెలిచినట్టు. ఎలీశమ్మ గారు సరేనని తలూపి, పసుపుదాన్ని తన సంచిలో వేసుకున్నారు.

మర్నాడు రేవుపేటలో సూరాడ దాలమ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, తలమీది చేపల తట్ట దించి వచ్చింది. నా ముందు బారు పెద్దదని విసుక్కుని నూకరత్నం స్టూలు మీద కూర్చుంది. నూకరత్నం సంతోషం చూడాలి! నల్ల టార్చి వెలిగించి, “నోరు తెరు. అడ్డపొగ కాలుస్తావు కదా? దాచకు. రేపు కేన్సరొస్తే ఏడ్చేది నువ్వే,” అంది.

“ఓలమ్మో, ఏటే ఆ మెరుపు! కళ్లు పోతన్నాయి!” అని దాలమ్మ కళ్లు చికిలించింది. కళ్లతోపాటు నోరూ సగం మూసుకుంది. ఆ సందులోంచే నూకరత్నం వెలుగు పోనిచ్చింది. తడి అంగిలి మీద పడి అంతా తెల్లగా మెరిసింది. ఈ మూల నుంచి ఆ మూలకి ఒకటే తెలుపు, విడిగా మచ్చేదీ కనబడలేదు. కార్డు మీద ‘తేడా లేదు’ అని రాసిచ్చింది. మళ్లీ మేం ఆ ఊరు వెళ్లేది ఆరు నెలలకి. దాలమ్మ అప్పటికే తట్టకి చెయ్యి వేసింది.

“దాలప్పా, ఒక్క నిమిషం,” అని అక్క వరస కలిపి ఆపారు ఎలీశమ్మ గారు. ఆవిడని పాకనీడలో చాప మీద కూర్చోబెట్టి, తనూ ఎదురుగా చతికిలబడ్డారు. “ఏ పొగాకు అప్పా? ఘాటుదేనా?”

“ఘాటుది కాపోతే ఏటికి? మా ముసిలోడు సచ్చిపోయినాడు గానీ సుట్ట ఒగ్గలేదు నాను!” అని దాలమ్మ పకపకా నవ్వింది. నవ్విన నోరు నవ్వినట్టే ఉండగా, ఎలీశమ్మ గారు పసుపు టార్చి చెంప పక్కనుంచి ఏటవాలుగా పట్టారు. దాలమ్మ కళ్లు మూయలేదు. ఎలీశమ్మ గారు ఒక్క క్షణం చూసి, టార్చి నూకరత్నం చేతికిచ్చారు.

నూకరత్నం వంగి చూసింది. ఎర్రటి అంగిలి మీద, వెనకవైపు, బొటనవేలి గోరంత తెల్లమచ్చ. దాని అంచున చిన్న పుండు.

ఎలీశమ్మ గారు దాలమ్మ చెయ్యి పట్టుకుని చెప్పారు. “అప్పా, అంగిట్లో మచ్చ ఉంది. పుండు కూడా పడింది. అది కేన్సరు కావచ్చు. పెద్దాసుపత్రిలో చిన్న ముక్క తీసి చూస్తే గానీ తెలీదు. గురువారమే వెళ్లాలి.” ఒక్క ముక్క తగ్గించలేదు.

“తోడెవులొస్తారు?” అంది దాలమ్మ.

“నేనొస్తాను.”

“నువ్వు మెత్తని మనిసివి సిస్టరమ్మా, ఆ ఆసుపత్రోలు నీ మాట ఇంటారేటి? ఈ పిల్లని పంపు. నోరు గట్టిది.”

నూకరత్నం ఏడ్చేసింది. ఏడుస్తూనే, ఇందాక రాసిన మాట కొట్టేసి కొత్త కార్డు రాసింది.

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు నల్ల టార్చి తీసి, “దీన్ని పారేస్తానమ్మా,” అంది.

“ఎందుకూ? గురువారం తెల్లారగట్ల బస్సు. ఆవిడకి దారి చూపించడానికి అదే కావాలి,” అన్నారు ఎలీశమ్మ గారు. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి నూకరత్నం భుజం తట్టారు.

“నువ్వు గోడ మీద వేసి చూశావు కదమ్మా. గోడ కళ్లు మూసుకోదు.”