తోకకొక్క మూట

కొల్లేటి గట్టున తుమ్మల రేవులో జంతువులకో విమానాశ్రయం ఉండేది. విమానమంటే మరేం కాదు, పెద్ద తాటాకు చాప. నాలుగు గూడబాతులు నాలుగు మూలలూ ముక్కున కరిచి పట్టుకుని ఎగిరేవి. పైనున్నవాళ్లు కళ్లు మూసుకుని కూర్చుంటే గడియలో నడిమి లంకలో దిగేవాళ్లు. నమ్మకం లేనివాళ్లు నడిచే వెళ్లొచ్చు, బురద నడుం లోతే ఉంటుంది.

మొదట్లో ఏ రూలూ లేదు. ఒకసారి ముళ్లపంది చాప మధ్యలో ఒళ్లు విరుచుకునేసరికి చాప కాస్తా జల్లెడయింది. ఇంకోసారి నీటిపిల్లి చేపల పులుసు కుండ తెచ్చి ఒలకబోసింది. ఆ వాసనకి నాలుగు బాతులూ ఒక్కసారే నోళ్లు తెరిచాయి. తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి రేవులో తనిఖీ పెట్టి, ఎద్దు నందయ్యని అధికారిగా వేశారు. మొనదేలిన సరుకు పనికిరాదు, నిప్పు పనికిరాదు, కల్లు అసలే పనికిరాదు, తడి సరుకు నత్తగుల్లకి మించకూడదు. తోకకొక్క మూటే. తోకలేని కప్ప "చిన్నప్పుడు నాకూ ఉండేదండీ" అని బతిమాలితే, నందయ్య రెండు రోజులు నెమరేసి, ఆ చిన్నప్పటి తోకంత మూటకి ఒప్పుకున్నాడు. పైగా దానికి రేవులో కేకలేసే ఉద్యోగం కూడా ఇచ్చాడు.

ఆ రోజు వరసలో అందరికంటే చిన్న ప్రయాణికురాలు ఉడుత నూకాలు. లంకలో ఆమె చెల్లెలికి ముగ్గురు పసిపిల్లలు. ముగ్గురికీ దగ్గు పట్టుకుంది. తేనె నాకిస్తే తగ్గుతుందని వైద్యం చేసే కొంగ చెప్పింది. నూకాలు వారం రోజులు తేనెటీగల చేత తిట్లు తిని, సొరబుర్ర నిండా తేనె కూడబెట్టింది. తూర్పున మబ్బు కమ్ముతోంది. ఈ చాప లేచిపోతే మళ్లీ పది రోజుల దాకా ఇంకో చాప లేదు. 

పసిపిల్లల మందుకి నత్తగుల్ల లెక్క లేదని ముందే కనుక్కుంది. బెడదల్లా చీమలతోనే. పొద్దుటి నుంచీ ఒక చీమల బారు బుర్రని వదలకుండా వస్తోంది. తోకతో దులిపితే మళ్లీ ఎక్కుతోంది.

ఆమె వెనక నిలబడ్డవాడు నక్క సింహాద్రి. పేరు అలాంటిది గానీ పనులన్నీ నక్కవే. లంకలో బావమరిది పెళ్లి. వట్టి చేతులతో వెళ్తే మర్యాద కాదని అతనూ ఒక సొరబుర్ర తెచ్చాడు, నిండా తాటికల్లు. నందయ్యకి మూడు రోజులుగా పడిశం పట్టి ముక్కు మూసుకుపోయిందని విని మరీ ఈ రోజు బయలుదేరాడు.

"ఏం చెల్లెమ్మా, బుర్రలో ఏంటి?"

"పిల్లలకి తేనె అన్నా. మందు కదా, గుల్ల లెక్క లేదన్నారు."

"అలాగా!" సింహాద్రి గొంతులో ప్రేమ పొంగింది. "మొహం చూడు, ఎలా వాడిపోయిందో. పోయి గుక్కెడు నీళ్లు తాగి రా. బుర్ర నేను చూస్తుంటాలే."

"ఎవరి మూట వాళ్ల దగ్గరే ఉంచుకోండహో! పరాయి చేతికి ఇవ్వొద్దహో!" అని కప్ప అరుస్తూనే ఉంది. నూకాలు వింది కూడా. కానీ పెద్దవాడు అంత ఆప్యాయంగా అడిగితే కాదంటే ఏమనుకుంటాడో! మొహమాటం మనుషులకే అనుకుంటాం గానీ ఉడుతలకీ ఉంటుంది. దొంగ చేతికి తాళం ఇచ్చి నీళ్లకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి బుర్ర పెట్టిన చోటే ఉంది. సింహాద్రి మబ్బుల్ని చూస్తున్నాడు. వరస కదిలింది, వాళ్ల వంతు వచ్చింది.

"నందయ్య మావా, ఇది నాకు చెల్లెల్లాంటిది. పిల్లలకి తేనె పట్టుకెళ్తోంది. పూచీ నాది, తొందరగా వదిలెయ్" అన్నాడు సింహాద్రి ముందుకొచ్చి.

నందయ్య తుమ్మి, తీరిగ్గా చెప్పాడు. "పూచీ సరే. నా ముక్కు పనిచెయ్యట్లేదు, వాసన తెలీదు. అందుకని ఇవాళ కొత్త పద్ధతి. తాగేదేదైనా నా ఎదట తాగి చూపించాలి. మూడు గుటకలు."

సింహాద్రి గతుక్కుమన్నాడు. మరుక్షణమే తేరుకున్నాడు. దాటితే లంకలో కల్లు తనది, దొరికితే దొరికేది ఉడుత కదా, తనకేం!

నూకాలు మూత తియ్యబోయి ఆగింది. బుర్ర మీద ఒక్క చీమ లేదు. పొద్దుటి నుంచీ ప్రాణం తీసిన బారు ఎటుపోయింది? వెతికితే, సింహాద్రి ముందరికాలి మీద కొన్ని, అక్కడి నుంచి తుమ్మ పొదలోకి మిగతావన్నీ. బుర్రని మెల్లిగా కదిపింది. లోపల బుసబుసమంది. తేనె ఎక్కడైనా పొంగుతుందా!

నూకాలుకి కోపం వచ్చింది. కల్లుతో దొరికితే ఆరు నెలలు చాప ఎక్కనివ్వరు. మార్చేశాడని గోల పెడితే సాక్ష్యం ఎవరు, చీమలా? అక్కడ పిల్లలు దగ్గుతున్నారు. నూకాలు గుండె దిటవు చేసుకుంది.

"తాతా, నాకు శనివారం ఉపవాసం. పచ్చి మంచినీళ్లు తప్ప ముట్టను. మా అన్న పూచీ పడ్డాడుగా, అన్నే తాగుతాడు."

"అదీ న్యాయమే" అన్నాడు నందయ్య.

"పసిపిల్లల నోటి దగ్గర మందు నేనెలా తాగనమ్మా?"

"మూడు గుటకలకి తరిగిపోదులే అన్నా. నువ్వు తాగనంటేనే, అందులో ఏదో ఉందనుకుంటారు."

తేలు కుట్టిన దొంగలా సింహాద్రి బుర్ర ఎత్తి మూడు గుటకలు మింగాడు. "తేనే. అసలు సిసలు తేనె" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

"రుచి ఎలా ఉందన్నా?"

"అది చెప్పాలంటే ఇంకాస్త తాగాలి."

కల్లు ముందు నక్క ఎత్తు ఎంతసేపు నిలుస్తుంది? బుర్ర ఖాళీ అయింది. సింహాద్రి నందయ్యని "బావమరిదీ" అని కావలించుకున్నాడు. పెళ్లిపాట ఎత్తుకుని, చాప ఎక్కబోయి, పక్కనున్న కుందేలు మీద పడ్డాడు. చాప ఒరిగింది.

"తూలేవాళ్లని మేం మొయ్యం" అన్నాయి గూడబాతులు.

నందయ్య కాసేపు నెమరేశాడు. "ఇన్నేళ్ల సర్వీసులో తేనె తాగి తూలినవాణ్ణి చూళ్లేదు. ఏవమ్మా, నీ తేనె ఏది?"

"ఆ చీమల్ని అడగండి తాతా."

బారు వెంట వెళ్తే తుమ్మ పొదలో నూకాలు బుర్ర దొరికింది. నందయ్య మూడు సార్లు నాకి, "పోనివ్వండి" అన్నాడు. తర్వాత మెల్లిగా, "ఇవాళ గురువారం కదమ్మా" అన్నాడు.

"అలాగా తాతా? ప్రయాణం హడావుడిలో మర్చిపోయాను."

చాప లేచింది. మబ్బు ఇంకా తూర్పునే ఉంది. "ఎవరి మూట వాళ్ల దగ్గరే" అని కింద కప్ప అరుస్తుంటే, నూకాలు తోకని బుర్ర చుట్టూ రెండు చుట్లు చుట్టింది. పక్కనున్న కుందేలు "నేను పట్టుకోనా వదినా?" అంటే, మొదటిసారిగా మొహమాటపడకుండా "వద్దమ్మా" అంది.

సింహాద్రికి తెలివొచ్చేసరికి చినుకులు పడుతున్నాయి. ఆకాశంలో చాప లేదు, లంకలో పెళ్లి అయిపోయింది, కాలి నిండా చీమలు.

ఎదుటివాళ్ల మూటలో మన తప్పు కట్టి పంపితే, దాని రుచి చూడాల్సింది చివరికి మనమే.