మెత్తటి రుబ్బురోలు

అనగనగా ఒక ఊళ్ళో వకుళ అని ఒకావిడ ఉండేది. ఆవిడ పనేమిటో తెలుసా బంగారూ? గుడ్డతోటీ దూదితోటీ ఇంట్లో సామాన్లు కుట్టడం. తాళంకప్ప, గ్యాసుబండ, ఇస్త్రీపెట్టె, అన్నీ మెత్తగా, కాస్త వంకరగా, చూస్తే నవ్వొచ్చేలా కుట్టేది. పట్నంలో పెద్ద హాల్లో వాటిని పెడితే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు.

నవ్వనిది ఒక్క మనిషే. వకుళని పెంచిన పెద్దమ్మ, మంగతాయారు.

ఒకప్పుడు ఆ పెద్దమ్మ నవ్విందంటే వీధి చివరిదాకా వినపడేది. అప్పుడేమైందంటే, రోడ్డు వెడల్పు చేస్తామని వాళ్ళ ఇల్లు కొట్టేశారు. దొడ్లో పాతిన రుబ్బురోలు పైకి తియ్యబోతే రెండు చెక్కలైంది. నువ్వు మిక్సీ కాలం పిల్లవి, నీకేం తెలుస్తుందిలే! నలభై ఏళ్ళు గారెలపిండి రుబ్బిన రోలమ్మా అది. ఆ తర్వాత ఇద్దరూ మూడో అంతస్తులో ఫ్లాటుకి మారారు. పెద్దమ్మ నవ్వడం మానేసింది. ఊరందర్నీ నవ్వించి ఏం లాభం, నన్ను పెంచిన మనిషిని నవ్వించలేకపోతున్నానే అని వకుళ కుమిలిపోయేది.

అప్పుడు గుడ్డ కుక్కరు కుట్టింది. దాని విజిలు ఏనుగు తొండంలా వేలాడుతోంది. పెద్దమ్మ "బాగుందే" అని కిటికీవైపు తిరిగింది.

ఆ తర్వాత గుడ్డ ఫ్యాను కుట్టింది. రెక్కలు మూడూ వాలిపోయి నేలచూపులు చూస్తున్నాయి. "దీనికి గాలెక్కణ్ణించొస్తుందే పిచ్చిమొహమా" అంది పెద్దమ్మ. నవ్వలేదు.

ఆ తర్వాత వకుళ, పెద్దమ్మవి పాత బూడిదరంగు చీరలు తీసి రుబ్బురోలు కుట్టింది. అసలుదంత పెద్దది. ఇక రోట్లో తిప్పే పొత్రం ఒక్కటే మిగిలింది. నడుం నొప్పెట్టి, పొత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కుడుతూ ఆ రోలుమీదే చతికిలబడింది.

అంతే! "లే! లేవవే! రోటిమీద కూచుంటావా? ఎన్నిసార్లు చెప్పాను నీకు? లెంపలేసుకో!"

పెద్దమ్మ గొంతుకి ఫ్లాటంతా దద్దరిల్లింది. వకుళ చిన్నప్పుడు ఎలా కేకలేసేదో అచ్చం అలాగే. వకుళ అదిరిపడి లేచి, లెంపలేసుకుని, వంగి రోటికి దణ్ణం పెట్టింది. చెయ్యి ఆనగానే రోలు కాస్తా దిండులా నొక్కుకుపోయింది.

పెద్దమ్మ రోటిని చూసింది. వకుళని చూసింది. ముందు పెదవి కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత నవ్వు! కింది అంతస్తువాళ్ళు తలుపులు తీసి చూశారంటే చూడు.

నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, పెద్దమ్మ రోటిముందు కూచుంది. కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, ఎడంచేత్తో లేని పిండిని లోపలికి తోసింది. వేళ్ళమధ్య రాసి చూసింది.

"ఇంకా బరకగానే ఉందే. కాసిని నీళ్ళు చిలకరించు" అంది.

వకుళ ఒట్టి చేత్తోనే చిలకరించింది, పిండి ఎక్కడ జారైపోతుందో అన్నంత జాగ్రత్తగా.

కథేమో కంచి దారి పట్టింది,
మా బంగారుతల్లికి నిద్ర పట్టింది.