అవధానిగారి స్పానిష్ స్వాగతం

ఉదయం ఆరుంబావుకు ముత్యాలగిరి రాజావారు గడ్డం గీయించుకుంటున్నారు. ఒక చెంప నున్నగా అయింది, రెండో చెంప మీద ఇంకా నురగ ఉంది. సరిగ్గా అప్పుడే వారికో కోరిక పుట్టింది.

"తవిటయ్యా! సత్యాన్ని ఇంగ్లీషువాడు ట్రూత్ అంటాడు. మరి స్పెయిన్‌వాడు ఏమంటాడు?"

తవిటయ్య ఆ కొలువులో దుబాసీ. రాజావారికీ విదేశీ వర్తకులకూ మధ్య మాటలు అటూ ఇటూ చేరవేయడం అతని ఉద్యోగం. వయసులో ఉండగా మనీలా ఓడల మీద తిరిగి స్పానిష్ నేర్చుకున్నాడు.

"వెర్దాద్ అంటాడు మహాప్రభో."

"భేష్! త్వరలో మనీలా నుంచి స్పెయిన్ కెప్టెన్ వస్తున్నాడు. ధర్మం గురించిన మాటలన్నీ వాడి భాషలో వాడికే వినిపించాలి. మంచి మాటలే సుమా! చెడ్డవి మనకెందుకు?"

పాఠం ఆ పూటే మొదలైంది. చిక్కూ ఆ పూటే మొదలైంది.

ఆ కొలువులో ఒక ఆచారం ఉంది. ముందు చిన్నవాడు మాట్లాడాలి, తర్వాత పెద్దవాడు, అందరి తర్వాత రాజు. తవిటయ్య కన్నా పెద్దవాడు కొలువు పండితుడు సూరావధాని. ఆయన ఏకసంథాగ్రాహి. ఒక్కసారి వింటే చాలు, ఏ భాషైనా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేస్తాడు. అర్థంతో ఆయనకు పనిలేదు.

"నిజాయితీ. ఇంగ్లీషులో ఆనెస్టీ, స్పానిష్‌లో ఒన్రదేస్" అన్నాడు తవిటయ్య.

"ఒన్రదేస్!" అని అందుకున్నాడు అవధాని. "మా తాతగారు నా ఉపనయనం నాడే చెప్పారు. ఇక న్యాయం... ఏమోయ్ తవిటయ్యా, నువ్వే చెప్పు. తప్పుంటే దిద్దుతాను."

"హుస్తీసియా."

"అదే, అదే! నాలుక చివర ఉంది."

పాఠం ముగిశాక అవధాని మాటలన్నీ దండలా గుచ్చి, రాగం కూడా జోడించి అప్పజెప్పాడు. తవిటయ్య మాత్రం పాఠం మధ్యలో దగ్గు వచ్చి ఒక మాట దగ్గర తడబడ్డాడు. రాజావారికి అదే కనిపించింది.

"విద్య ఈయనది, జీతం నీదీనా? కెప్టెన్ వచ్చిన రోజు ఇద్దరూ స్వాగతం చెప్పండి. ఎవరిది బాగుంటే వాళ్లే దుబాసీ. నువ్వు ఓడితే మాత్రం ఉద్యోగంతో పాటు కోటలో ఇచ్చిన ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి."

తవిటయ్య కాళ్లీడ్చుకుంటూ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాడు. భార్య అప్పలనరసమ్మ చింతపండు పిసుకుతూ విన్నది.

"నువ్వేదంటే ఆయన అదే అంటాడు. అంతేనా?"

"అంతే."

"మరి ఏమనాలో నీ చేతిలోనే ఉందిగా, మావా!"

తవిటయ్య ఆమె వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏటా నవ్వు? సామాన్లు సర్దమంటావా, వద్దా?"

"వద్దే తల్లీ, వద్దు!"

కెప్టెన్ వచ్చాడు. నల్లగడ్డం, ఎర్రటోపీ. అతని వెంట రేవులో బట్టల గిడ్డంగి నడిపే బ్రూక్ దొర కూడా వచ్చాడు. ఆయనకు తెలుగూ స్పానిషూ రెండూ వచ్చు కాబట్టి గెలిచినవాడెవరో చెప్పే పని ఆయనకే అప్పగించారు.

ఆచారం ప్రకారం తవిటయ్య ముందు లేచాడు. చేతులు జోడించి ఒకే ఒక్క వాక్యం చెప్పాడు.

"సెన్యోర్, కియెన్ ఆబ్లె దెస్‌ప్వేస్ దె మీ ఎస్ ఉన్ లద్రోన్ ఇ ఉన్ సిన్‌వెర్గ్వెన్సా."

కెప్టెన్ కనుబొమలు టోపీలోకి వెళ్లిపోయాయి. బ్రూక్ దొర నోట్లో చుట్ట జారి ఒళ్లో పడింది.

"ఇంతేనా?" అంటూ అవధాని లేచాడు. శాలువా సర్దుకున్నాడు. అదే వాక్యాన్ని గంట మోగినట్టు చదివాడు. సభ బాగుందని తలలూపితే ఇంకోసారి చదివాడు. "సిన్‌వెర్గ్వెన్సా" దగ్గర గొంతు పైకెత్తి, రెండు చేతులూ భక్తిగా రాజావారి వైపు చాచాడు.

రాజావారు పొంగిపోయి సింహాసనం మీంచి లేచారు. గొంతు సవరించుకున్నారు.

"మహారాజా, ఆగండి!" బ్రూక్ దొర ఒక్క గంతు వేశాడు. "నోరు తెరవకండి!"

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. కెప్టెన్ అప్పటికే గడ్డంలో మొహం దాచుకుని నవ్వుతో ఊగిపోతున్నాడు.

దొర దగ్గరకొచ్చి మెల్లగా చెప్పాడు. "నా తర్వాత ఎవరు మాట్లాడతారో వాళ్లు దొంగలు, సిగ్గులేనివాళ్లు. ఆయన చదివింది అదీ, మహారాజా. మీకు తెలిసిన ఇంగ్లీషులో అయితే థీఫ్, షేమ్‌లెస్."

రాజావారి చెంపలు రెండూ ఎర్రబడ్డాయి. "తవిటయ్యా! నువ్వూ అదే అన్నావుగా!"

"అన్నాను మహాప్రభో. నా తర్వాత లేచింది అవధానిగారు. ఆయన తర్వాత లేచిందే తమరు."

"అయితే ఈయనకేం శిక్ష?"

"శిక్ష ఆయన్నే ఎంచుకోనివ్వండి. అర్థం తెలిసి అంటే రాజద్రోహం. తెలియక అంటే ఇన్నాళ్లూ చెప్పింది అబద్ధం."

అవధాని తల ఒకసారి తలారి వైపు, ఒకసారి తలుపు వైపు తిరిగింది.

"తెలీదు మహాప్రభో! ఒక్క ముక్క తెలీదు! మా తాతగారు ఊరి పొలిమేర దాటి ఎరగరు!"

ముందు రాజావారు నవ్వారు. వారి నవ్వు చూసి సభ విరగబడి నవ్వింది. కెప్టెన్‌కు ఏం జరిగిందో దొర చెప్పేసరికి ఎర్రటోపీ గాల్లోకి లేచింది. రాజావారు చేతికున్న బంగారు కడియం తీసి తవిటయ్యకు తొడిగి, ఇల్లు అతని పిల్లల తరం వరకూ అతనిదేనన్నారు. ఆ నవ్వులో అవధానికి శిక్ష వేయడం మరిచిపోయారు.

కొద్ది రోజులకు రేవు నుంచి ఒక కబురు తెలిసింది. అవధాని రోజూ పొద్దున్నే బ్రూక్ దొరను వెంటబెట్టుకుని ఓడెక్కి కెప్టెన్ దగ్గర పాఠం చెప్పించుకుంటున్నాడు. మొదటి రోజు తనంతట తనే ఒక మాట కావాలని అడిగాడు. "క్షమించండి" అన్నదానికి స్పానిష్ కావాలన్నాడు. "పెర్దోన్" అని కెప్టెన్ చెప్తే, పైకి అనే ముందు, దాని అర్థం అదేనా అని రెండుసార్లు అడిగాడట.