డబ్బా నిండా ఆదా

మా గదిలో ముగ్గురం రాజులం. నూకరాజు, పైడిరాజు, అప్పలరాజు అనే నేను. గాజువాకలో సన్యాసమ్మ గారి మేడ మీద అద్దెకుంటాం. ముగ్గురమూ ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళమే. ఈ కాలం కుర్రాళ్ళు జీతం వచ్చిన వారానికే జేబులు దులుపుకుంటారని పెద్దవాళ్ళు అంటుంటే మాకు నవ్వొచ్చేది. మా తెలివి వాళ్ళకి తెలియదు కదా. మేము ఏది కొన్నా దాని మీద డబ్బు మిగిల్చేవాళ్ళం.

ఆ తెలివి మొదట నూకరాజుకి పుట్టింది. ఒకరోజు సబ్బు కోసం సూపర్ మార్కెట్‌కి వెళ్ళి, సబ్బుతో పాటు కంటికి కనిపించినవన్నీ బుట్టలో వేసుకుని బయటికొచ్చాం. నూకరాజు గుమ్మంలో నిలబడి బిల్లు అడుగున ఉన్న వరుస చదివాడు. "ఈరోజు మీరు ఆదా చేసినది నూట పన్నెండు రూపాయలు."

"సబ్బుకొచ్చి నూట పన్నెండు సంపాదించీసాం," అన్నాడు పైడిరాజు.

"మరి ఇంకా ఎక్కువ కొనుంటేనో?" అన్నాను నేను.

అంతే. మళ్ళీ లోపలికెళ్ళి ఇంకా ఎక్కువ కొన్నాం. గదికొచ్చి, బిల్లుల అడుగు వరుసలు కత్తెరతో కత్తిరించి, ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేశాం. మూత మీద 'నాయనమ్మ' అని నేనే రాశాను.

నాయనమ్మ సంగతి చెప్పాలి. గజపతినగరం అవతల మా ఊళ్ళో, మా అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. చెవులు వినపడవు. అందరం నవ్వుతుంటే ఆవిడ మా మొహాలు ఒక్కొక్కటే చూసుకుని, అప్పుడు తనూ నవ్వుతుంది. అది చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమనేది. మా ఊళ్ళో అమ్మవారి పండక్కి హరికథ పెడతారు. ఈసారి చెవి మిషను తెస్తాను, హరికథ నీకు వినిపిస్తాను అని సైగలు చేసి ఒట్టేశాను. ఆవిడ ఆ మాట వీధంతా చెప్పుకుంది.

ఇంకేముంది, ముగ్గురమూ నడుం బిగించి ఆదా మొదలుపెట్టాం.

ఒక ఆదివారం పైడిరాజుకి జ్వరం వచ్చింది. ఫోనులో రెండు ఇడ్లీలు తెప్పిద్దామంటే, తెచ్చి ఇచ్చినందుకు నలభై రూపాయలు అన్నారు. ఐదొందలకి కొంటే ఆ నలభై అక్కర్లేదట.

"నలభై రూపాయలు ఊరికినే పోనిత్తావేటి?" అన్నాడు నూకరాజు.

అంతే, ఐదొందలకీ ఇడ్లీలే తెప్పించాం. ఆ హోటలు మా మేడ కిందే ఉంది. తెచ్చినాయన మెట్లెక్కి వచ్చి, మెట్లు దిగి వెళ్ళాడు. మూడు రోజులు ముగ్గురమూ ఇడ్లీలే తిన్నాం. పైడిరాజుకి జ్వరం తగ్గింది, మా ఇద్దరికీ కడుపునొప్పి పట్టుకుంది. నలభై మాత్రం చీటీ మీద రాసి డబ్బాలో వేశాం.

తరవాత హెల్మెట్లు. రెండు కొంటే ఒకటి ఉచితం అన్నారు. మాకు బండి లేదు. కానీ మేము సరిగ్గా ముగ్గురం, ఇది మాకోసమే పెట్టారని కొనేశాం. తీరా చూస్తే మూడూ గూట్లో పడి ఉన్నాయి. వస్తువు వృథా కావడం మాకు సరిపడదు. అందుకని పాత స్కూటరొకటి కొన్నాం. ముగ్గురం ఎక్కితే పోలీసులు పట్టుకుంటారు. కాబట్టి ఇద్దరు స్కూటరు మీద వెళ్తే, మూడోవాడు హెల్మెట్ పెట్టుకుని సిటీ బస్సులో వచ్చేవాడు. కండక్టరు అదోలా చూసేవాడు గానీ, ఆయనకేం తెలుసు.

మా గదికి రోజూ వచ్చే పార్శిళ్ళు చూసి సన్యాసమ్మ గారు ఒకరోజు మేడెక్కి వచ్చారు.

"నాయనా, మీ అమ్మలాటిదాన్ని, సెబుతున్నాను. డబ్బు కంటికి కనబడితే కర్చయిపోతాది. కనబడకుండా సూసుకోండి."

పెద్దావిడ మాట తీసెయ్యకూడదు. ఆ రోజు నుంచి నోట్లు ముట్టుకోవడం మానేశాం. టీ తాగినా, క్షవరం చేయించుకున్నా డబ్బు ఫోనులోనే కొట్టాం. జీతం మొత్తం ఖర్చయినా ఒక్క రూపాయి కూడా కంటికి కనబడలేదు. మీ మాట వల్లే అని ఆవిడకి దణ్ణం పెట్టి మరీ చెప్పాం. ఆవిడ నుదురు కొట్టుకుని కిందికి వెళ్ళిపోయారు.

పండగ నాలుగు రోజులుందనగా డబ్బా తెరిచాం. నిండుగానే ఉంది. కానీ అడుగున ఉన్న చీటీల మీద ఒక్క అంకె లేదు, కాగితం తెల్లగా ఉంది. ఆ కాగితం మీద అచ్చు నాలుగు నెలలకే చెరిగిపోతుందని తరవాతెవరో చెప్పారు. అప్పుడు మాకేం తెలుసు.

"దొంగలు పడ్డార్రా," అన్నాడు నూకరాజు. "కాయితాలు వొదిలీసి అంకెలు ఎత్తుకుపోయారు."

వెంటనే తాళం కొనడానికి పరిగెత్తాం. రెండు కొంటే ఒకటి ఉచితం. మూడు తాళాలతో తిరిగొచ్చాక చూస్తే డబ్బాకి కొండీ లేదు. అందుకని మూడు తాళాలూ డబ్బా లోపల పెట్టి మూత వేశాం.

మిగిలిన అంకెలు కూడితే ఇరవై వేలు తేలింది. డబ్బా పట్టుకుని చెవి మిషన్ల షాపుకి వెళ్ళాం. కళ్ళజోడు పెట్టుకున్న మేడమ్ గారు మిషను చూపించి తొమ్మిది వేలన్నారు. నూకరాజు దర్జాగా డబ్బా ఆవిడ ముందు బోర్లించాడు.

"ఇవన్నీ బిల్లు ముక్కలు కదండీ. డబ్బులేవి?" అన్నారావిడ.

"అవేనండి. మేం ఆదా చేసినవి. లెక్కెట్టుకుని మిగతాది ఇచ్చీండి."

ఆవిడ ఒక తాళం పక్కకి తీసి, చీటీ చదివి, నవ్వకుండా అన్నారు. "అయితే ఆ డబ్బు ఎవరి దగ్గరుందో వాళ్ళనడగండి బాబూ."

నిజమే కదా అనుకుని సూపర్ మార్కెట్‌కి వెళ్ళి, మా ఆదా మాకిచ్చెయ్యమన్నాం. మేనేజరు గారు ముందు నవ్వారు. నా మొహం చూసి నవ్వు ఆపేశారు.

"అలాటి డబ్బు ఎక్కడా లేదు తమ్ముడూ. నువ్వు కొన్నావు, నీ డబ్బు అయిపోయింది. కర్చు చేస్తే పోద్ది, చెయ్యకుండా ఉంచిందే మిగులుద్ది. ఈ ఒక్క మాట గుర్తెట్టుకో."

ముగ్గురం ఆ షాపు మెట్ల మీద కూలబడ్డాం. వీధంతా చెప్పుకున్న నాయనమ్మ గుర్తొచ్చింది. ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ పెద్దవాళ్ళ మాటలకి నవ్విన నాకంటే పెద్ద వెధవ గాజువాకలో లేడు. నూకరాజు కూడా ముక్కు చీదుకుంటున్నాడు. "జేబురుమాళ్ళు మూడు కొంటే..." అనబోయి పైడిరాజు తనంతట తనే ఆగిపోయాడు. మాకు బుద్ధి రావడం అదే మొదలు.

మర్నాడే స్కూటరు అమ్మేశాం. సరిగ్గా తొమ్మిది వేలొచ్చాయి. హెల్మెట్లు మూడూ ఉచితంగా ఇచ్చాం. కొన్నాయనకి బోలెడు ఆదా అయిందని మేమే చెప్పాం.

మేడమ్ గారు మిషనుతో పాటు బఠాణీ గింజంత బ్యాటరీలు ఆరు చేతిలో పెట్టారు. "స్టిక్కరు పీకి మిషనులో వేస్తే ఒక్కోటీ వారం రోజులు పనిచేస్తుంది. ఈ స్టిక్కరు పీకకుండా ఉంచితే ఏళ్ళ తరబడి పాడవ్వవు," అన్నారు.

ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మేనేజరు గారి మాట ముగ్గురికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

పండక్కి ముగ్గురమూ మా ఊరెళ్ళాం. ఊరంతా చూస్తుండగా మిషను నాయనమ్మ చెవికి పెట్టి, హరికథ పందిట్లో ముందు వరసలో కూర్చోబెట్టాను. దాసుగారు ఏదో చమత్కారం చెప్పారు. జనం ఘొల్లుమన్నారు. నాయనమ్మ అటూ ఇటూ మా మొహాలు చూసుకుని, అప్పుడు నవ్వింది.

ఎలా ఉందని సైగ చేశాను. నా తల నిమిరింది.

"కరీదైన మిషనే తెచ్చావురా అప్పలా. ఇంతకుముందు ఆ మద్దెల దడదడైనా కూసింత తెలిసేది. ఇది పెట్టాక అదీ లేదు. పేణానికి హాయిగా ఉంది."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూకరాజు నా భుజం తట్టాడు. ఈసారి మేము ఏ తప్పూ చెయ్యలేదు. బ్యాటరీలు ఆరూ స్టిక్కర్లతో సహా గదిలో డబ్బాలో, మూడు తాళాల పక్కన భద్రంగా ఉన్నాయి.