ఉప్పు చాలలేదన్నవాడు

అనగనగా గోదారికి ఒక రేవు. ఆ రేవుకు ఒక పూటకూళ్ల పాక. ఆ పాకకు ఒక సూరాయమ్మ. మొగుడు లేడు, పిల్లలు లేరు. పడవ దిగినవాళ్లకు వేడన్నం, చేపల పులుసు, గోంగూర పచ్చడి పెట్టేది. ఆ రేవు దాటి ఏ ఊరూ ఎరగదు.

ఒక వానాకాలం, కంబళ్లు అమ్ముకునే ఓబులేసు పడవ దిగి ఆమె అరుగు మీదే కూలబడ్డాడు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఎక్కడో సీమ నుంచి వచ్చినవాడు. నా అన్నవాళ్లు దగ్గర లేరు.

సూరాయమ్మ జావ కాచింది. వద్దన్నాడు. చారన్నం కలిపింది. వద్దన్నాడు. మజ్జిగ పోసింది. అదీ వద్దన్నాడు.

వైద్యుడు నాడి చూశాడు. "జ్వరం దిగుతోంది సూరాయమ్మా. కానీ కడుపులోకి ఏదన్నా పోతేనే మనిషి దక్కుతాడు" అన్నాడు.

ఆమె ఓబులేసు తల దగ్గర కూర్చుంది. "ఏం తింటావు నాయనా? నోరు తెరిచి చెప్పు."

"ఉగ్గాణి" అన్నాడు కళ్లు మూసుకునే.

"అయ్యో, ఉగ్గా!" అంటూ చంటిపిల్లలకు పెట్టే ఉగ్గు వండుకొచ్చింది. ఓబులేసు రుచి చూసి, "ఇది కాదు" అని మొహం గోడవైపు తిప్పుకుని మళ్లీ మగతలో పడ్డాడు.

ఇక ఆమె మనసు ఆగలేదు. పడవ నడిపే పోలయ్యను పిలిచింది. "నోరు తడుపుతూ ఉండు తమ్ముడూ, వచ్చేస్తాను" అని రోగిని అప్పగించి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రేవు దాటింది.

నడిచింది, నడిచింది. కాలవ గట్టున దిబ్బరొట్టెలు కాల్చే ముసలాయన కనిపించాడు.

"అన్నయ్యా, ఉగ్గాణి అంటే ఏంటి?"

"నేనెరగనమ్మా. ముందు రొట్టె తిను."

పైన కరకర, లోపల మెత్తన. చెరుకు పానకంలో అద్దుకుని తింది.

నడిచింది, నడిచింది. బళ్లు ఆగేచోట జొన్నరొట్టెలు తట్టే తెలంగాణ ఆవిడ కనిపించింది.

"అక్కా, ఉగ్గాణి అంటే ఏంటి?"

"నాకెరుక లేదు చెల్లె. ముందుగాల రొట్టె తిను."

రొట్టె, మీద పచ్చిమిరప తొక్కు. తింది, కళ్లు తుడుచుకుంది.

నడిచింది, నడిచింది. పశువుల సంతలో పొయ్యి పెట్టుకున్న సీమ మనిషి కనిపించింది.

"అమ్మా, ఉగ్గాణి అంటే ఏంటి?"

ఆమె పకపకా నవ్వింది. "అది మా ఊరి తిండే గదక్కా! మీరు మరమరాలంటారే, మాకవి బొరుగులు. నీళ్లల్లో ముంచి పిండేది. ఎర్రగడ్డలు, అదే మీ ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు ఏంచి, తిరగవాతలో కలిపి, పైన పప్పులపొడి సల్లేది. ముందు నువ్వు తిను!"

సూరాయమ్మ తింది. ఆ రుచిని నాలుక మీద దాచుకుంది. బొరుగులు మూటగట్టుకుని పరుగు పరుగున రేవుకొచ్చి పొయ్యి రాజేసింది.

తిరగవాత ఘుమఘుమకే ఓబులేసు కళ్లు తెరిచాడు. ఒక ముద్ద మింగాడు. రెండో ముద్ద మింగాడు. మూడో ముద్ద నోట్లో పెట్టుకుని, "అమ్మా, ఉప్పు సాల్లేదు" అన్నాడు.

పోలయ్యకు ఒళ్లు మండింది. "నీకోసం ఎంత దూరం నడిచొచ్చిందిరా! వంకలు పెడతావా?"

సూరాయమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "ఊరుకో పోలయ్యా. ఉప్పడిగాడు. ఇక బతికినట్టే."

ఓబులేసు లేచి తిరిగాడు, తన దారిన పోయాడు. ఆనాటి నుంచి ఎవరు పడవ దిగినా "మీదే ఊరు నాయనా?" అని అడిగాకే ఆమె ఆకు వేసేది. తెలిసిన వంటయితే వండేది. తెలియకపోతే వాళ్లనే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నేర్చుకునేది.

ఏళ్లు గడిచాయి. ఒకనాడు సూరాయమ్మ కన్నుమూసింది. కబురు పడవలెక్కి, బళ్లెక్కి పోయింది. ఆమె దినంనాడు రేవులో ఎన్ని పొయ్యిలో! ఎవరి ఊరి వంట వాళ్లు వండారు, పక్కవాడికి పెట్టారు. నెత్తి నెరిసిన ఓబులేసు ఉగ్గాణి కలిపాడు.

ఆ పాకను గోదారి ఎప్పుడో కోసుకుపోయింది. అయినా ఆ గట్టు వెంట హోటళ్లలో ఇప్పటికీ "మీదే ఊరండీ?" అని అడిగాకే ఆకు వేస్తారు. తినేవాళ్లు ఉప్పు చాలలేదంటే వండినవాళ్లు చిన్నబుచ్చుకోరు. "సూరాయమ్మ చలవ, నిండా నూరేళ్లు బతుకు" అని ఉప్పుగిన్నె ముందుకు జరుపుతారు.