చెప్పుల్లో కాళ్లు పెట్టాక

విరూపాక్షం మాస్టారు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి, స్పెయిన్ రేవుల్లో సగం వయసు గడిపి, రిటైరయ్యాక విశాఖపట్నంలో తన మేడమీద గదిలో స్పానిష్ నేర్పేవారు. ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "చూద్దాం" అనేవారు. చాలాసార్లు నిజంగానే చూపించేవారు.

ఒకనాడు ఆయన శిష్యుల్లో చురుకైనవాడు భార్గవ ఇలా అడిగాడు.

"మాస్టారూ, స్పానిష్‌లో అనుమతి అడగడానికి ఎన్ని దారులో! 'పుయెదో' అంటే నేను చేయవచ్చా అని. 'సె పుయెదె' అంటే ఇక్కడ ఎవరైనా చేయవచ్చా అని. 'మె పెర్మీతె' అంటే తమరు అనుమతిస్తారా అని. వీటిలో ఏది వాడితే అవతలివాళ్లు కాదనలేరు?"

అతనికి గాజువాకలో సొంతంగా స్పానిష్ క్లాసు పెట్టుకోవాలని ఉంది. మాస్టారిని అడగడానికి సరైన మాట కోసం మూడు నెలలుగా వెతుకుతున్నాడు. ఈ సంగతి మాస్టారికి తప్ప అందరికీ తెలుసని అతని నమ్మకం.

"చూద్దాం. ముందు పిలార్‌ని రైలెక్కించి వద్దాం, పద," అన్నారు మాస్టారు.

పిలార్ స్పెయిన్ అమ్మాయి. పక్కింట్లో రాజ్యలక్ష్మమ్మగారి దగ్గర అద్దెకుండి, పుస్తకం ముందేసుకుని కొంత తెలుగు నేర్చుకుంది. ఆ సాయంత్రం అయిదున్నరకు ఆమె హైదరాబాదు రైలు ఎక్కాలి. అది తప్పితే మర్నాటి విమానమూ తప్పుతుంది. వీళ్లిద్దరూ వెళ్లేసరికి అయిదు కావస్తోంది. పెట్టె గుమ్మంలో ఉంది. పిలార్ కుర్చీలో ఉంది. ఆమె ముందు గారెల పళ్లెం ఉంది.

"నేను వెళ్లవచ్చా, మామ్మగారూ?" అంది పిలార్ లేచి, ఒక్కొక్క అక్షరమూ తూచి.

"అయ్యో, అప్పుడే ఎక్కడికమ్మా! కూర్చో."

పిలార్ కూర్చుంది. ఓ గారె తిని మళ్లీ లేచి అడిగింది.

"పాయసం తాగకుండానా? బాగుంది!"

మళ్లీ కూర్చుంది.

భార్గవ మనసులో లెక్క వేశాడు. గారెకు నాలుగు నిమిషాలు, పాయసానికి ఆరు, స్టేషనుకు ఆటోలో పాతిక. ఎటునుంచి కూడినా రైలు వెళ్లిపోతోంది.

"టైమైపోయింది, లే," అన్నాడు స్పానిష్‌లో, గుసగుసగా.

"ఇల్లు ఆవిడది. ఆవిడ వద్దన్నారు. రెండుసార్లు," అంది పిలార్. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మాస్టారు మాత్రం నిశ్చింతగా మూడో గారె అందుకున్నారు.

భార్గవ ఇక ఉండబట్టలేకపోయాడు. "అసలు అడగకు! లేచి, చెప్పులు వేసుకుని, 'వెళ్లొస్తాను మామ్మగారూ' అను. అంతే."

పిలార్ లేచింది. చెప్పుల్లో కాళ్లు పెట్టి, ఆ మాట అనేసింది.

"మంచిది తల్లీ, క్షేమంగా వెళ్లిరా!"

మామ్మగారు ఆమెకు బొట్టు పెట్టి, ఎప్పుడో సిద్ధం చేసి ఉంచిన జాకెట్టు ముక్క, పులిహోర పొట్లం చేతిలో పెట్టేశారు. ఆ వెంటనే భార్గవ మీద విరుచుకుపడ్డారు. "ఏమయ్యా, పిల్లకి రైలుందని తెలిసీ గుడ్లప్పగించి చూస్తున్నావా? అరగంటనుంచి నాకు గుండె దడ! ఇంట్లో పిల్లని పొమ్మని నా నోటితో ఎలా అననూ?"

రైలు అందింది. అది కదిలిపోయాక, భార్గవ ప్లాట్‌ఫారం మీద నిలబడి కాసేపు తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"మాస్టారూ, నేను..." అని ఆగి, మూడు స్పానిష్ మాటలనూ మింగేశాడు. "వచ్చే నెల గాజువాకలో క్లాసు మొదలుపెడుతున్నాను. వెళ్లొస్తానండీ."

మాస్టారు తన చేతిసంచిలోంచి సుద్దముక్కల పెట్టె ఒకటి తీసి అతనికి ఇచ్చారు. సీలు విప్పలేదు గాని, మోసి మోసి దాని మూలలు నలిగిపోయి ఉన్నాయి.

"మంచిది," అన్నారు. "మూడు నెలలనుంచి నాకూ గుండె దడే."